వరద నీరు దాటిన డీజిలు బండి



వర్షాకాలములో చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగరు పేటలలోని మెకానిక్కు షెడ్ల యొద్ద కొంతసేపు నిలుచున్నచో ఒక మాట పదే పదే చెవిని బడును: "నిన్న నీళ్ళలోంచి వచ్చింది భాయ్, ఇవాళ బండి లాగడం లేదు." కొందరు "పికప్పు పోయింది" అందురు. ఇంజను తిరుగుచునే యుండును; శబ్దమునకు లోపము లేదు. కాని సరకు నింపి మిట్ట ఎక్కవలసి వచ్చినపుడు రెండవ గేరులో మూలుగుచు ప్రాకును. ఈ లోపమునకు గల కారణములను వరుసగా వెదకి పట్టుకొను విధమును నేడు మేము వివరింపదలచినాము.

ఇట్టి బండ్లు కలవారిలో అధికులు కలిమి గలవారు కారు. బోయినపల్లి కూరగాయల విపణినుండి తెల్లవారక మునుపే చిక్కడపల్లి మార్కెట్టుకు సరకు చేర్చువారు, పెండ్లిండ్లకు షామియానాలు మోయువారు, బడిపిల్లలను ఇండ్లకు చేర్చువారు. బండి ఒక దినము నిలిచినచో ఆ దినపు రాబడి నిలుచును. బ్యాంకు వాయిదా మాత్రము నిలువదు. అందుచేత వీరు రెండు దారులలో ఏదో యొకటి తొక్కుచుందురు. ఎట్లో తిరుగుచున్నది గదా యని అట్లే నడపి కొన్ని వారములకు ఇంజనునే పోగొట్టుకొందురు. లేదా కనబడిన భాగమునెల్ల మార్పించి, అప్పు చేసియు అసలు లోపమును బండిలోనే మిగుల్చుకొందురు. ఈ రెంటికి నడుమ మూడవ దారి యున్నది. అది క్రమము తప్పని పరీక్ష.

ముందు ఈ నీటిని గూర్చి ఒక మాట. పదునారవ శతాబ్దిలో ఇబ్రహీం కులీ కుతుబ్‌షా కాలమున నిర్మితమైన హుస్సేన్‌సాగరు నిండినపుడు ఆ మిగులు నీరు ఒక నాలా ద్వారా దోమల్‌గూడ, అశోక్‌నగరు, నారాయణగూడ ప్రక్కలనుండి నల్లకుంట, అంబరుపేటల మీదుగా మూసీనదిలో కలియును. ఆ నాలా ఇరువైపుల పల్లపు నేలలో కాలనీలు క్రిక్కిరిసి వెలసినవి. 2000 సంవత్సరము ఆగస్టు 24వ తేదీన బేగంపేటలో ఒక్క దినములో 24 సెంటీమీటర్ల వర్షము నమోదైనపుడును, 2020 అక్టోబరు 13వ తేదీ రాత్రి కురిసిన కుంభవృష్టిలోను నగరపు పల్లపు పేటలు ఎట్లు మునిగెనో పలువురకు జ్ఞాపకముండును. అంతటి వర్షము రాని యేటను గంటసేపు గట్టి వాన కురిసిన చాలు, ఈ వీధులలో మోకాలిబంటి నీరు నిలుచుట కలదు. అది వట్టి వాననీరు కాదు. అందులో మురుగు, ఒండ్రు, ఇసుక, నూనెజిడ్డు, ప్లాస్టిక్కు సంచులు కలిసియుండును. నీరు ఆరిపోవును, ఒండ్రు ఆరిపోదు. బండికి చేటు సగము నీటివలన, సగము ఆ ఒండ్రువలన కలుగునని గుర్తుంచుకొనవలెను.

ఇక డీజిలు ఇంజను స్వభావము. పెట్రోలు ఇంజనులో ఇంధనమును అంటించుటకు నిప్పురవ్వ కలదు. 1897లో జర్మనీలోని ఆగ్స్‌బర్గునందు రుడాల్ఫ్ డీజిల్ నడపి చూపిన యంత్రములో ఆ నిప్పురవ్వ లేదు. సిలిండరులో గాలిని 16 మొదలు 22 రెట్ల వరకు అణచిపెట్టినపుడు పుట్టు వేడిమియే డీజిలును మండించును. కావున ఈ ఇంజనుకు మూడు వస్తువులు అత్యవసరములు: ధారాళమైన గాలి, నీరు కలియని ఇంధనము, గట్టి అణచివేత. నేటి బండ్లలో వీనిని కొలిచి ఆజ్ఞ లిచ్చు చిన్న కంప్యూటరు నాల్గవది. ఇంజనులో పుట్టిన శక్తిని చక్రమునకు చేర్చు క్లచ్చు, గేర్లు, అడ్డుపడు బ్రేకులు అయిదవది. ఈ అయిదింటిలో నీరు దేనిని చెరచినదో తెలిసికొనుటయే మన పని.

బండి ఇంకను నీటిలోనో, నీటి అంచుననో ఆగియున్నచో మొదటి నియమ మిది: సెల్ఫు కొట్టరాదు. గాలి అణగును గాని నీరు అణగదు. రెండు లీటర్ల, నాలుగు సిలిండర్ల ఇంజనులో ఒక్కొక్క సిలిండరు అర లీటరు పరిమాణము గలది. 18 రెట్లు అణచు ఇంజనులో పిస్టను మీదికి చేరినపుడు పైన మిగులు ఖాళీ 30 ఘన సెంటీమీటర్ల లోపే. అనగా ఆరు టీ చెంచాల నీరు ఆ ఖాళీని నింపివేయును. అంతకు మించి నీరున్నచో పిస్టను పైకి పోలేదు. వెనుకనుండి త్రోయు బలమునకు కనెక్టింగు రాడ్డు వంగిపోవును. ఆరు చెంచాల నీటికి ఇంజను బలియగుట యనగా ఇదియే.

కావున బ్యాటరీ తీగ తొలగించి, బండిని త్రోసియో కట్టి లాగియో పొడినేలకు చేర్చవలెను. గేరులో ఉంచి త్రోయరాదు. అట్లు చేసిన ఇంజను తిరుగును. పిదప ఆయిలు కొలుచు పుల్లను తీసి చూడవలెను. ఆయిలు మట్టము పెరిగినను, రంగు పాలుకలిపిన టీవలె మారినను లోపలికి నీరు చేరినదని నిశ్చయము. అప్పుడు ఆయిలును, ఆయిలు ఫిల్టరును మార్చక ఇంజనును కదలింపరాదు. తరువాత ఎయిరు క్లీనరు డబ్బా విప్పవలెను. అందులో నీరు గాని, కాగితపు ఫిల్టరుకు లోపలివైపున తడి గాని యున్నచో హీటరు ప్లగ్గులనో, ఇంజెక్టర్లనో విప్పి, ముందు పుల్లీకి పానా వేసి ఇంజనును చేతితో మెల్లగా త్రిప్పవలెను. లోపలి నీరు ఆ రంధ్రములగుండ చిమ్మును. ఆ వేళ ముఖము దూరముగా నుంచుకొనుడు. టర్బో గల బండ్లలో ఇంటరుకూలరును కూడ విప్పి వంచి చూడవలెను. అనేక బండ్లలో అది ముందుభాగమున తగ్గులో నుండును. అందులో నిలిచిన నీరు బండి మెల్లగా పోవునంతసేపు ఊరకుండి, గట్టిగా రేసు ఇచ్చినపుడు ఒక్కసారి సిలిండరులోనికి దూకగలదు.

ఈ దశ దాటి, బండి నడచుచునే బలము తగ్గినదనుకొందము. అప్పుడు అడుగవలసిన మొదటి ప్రశ్న, లోపము నిజముగా ఇంజనుదేనా అనునది. ఎత్తు ఎక్కుచు యాక్సిలరేటరు నొక్కినపుడు ఇంజను హోరు పెరిగి బండి వేగము పెరుగకున్నచో క్లచ్చు ప్లేటు జారుచున్నదన్నమాట. నీరు, ఒండ్రు క్లచ్చు గూటిలో చేరినందున ఇట్లగును. హోరు కూడ పెరుగక ఇంజను ఉగ్గపట్టినట్లున్నచో లోపము ఇంజనులోనో, చక్రములను పట్టుకొన్న బ్రేకులలోనో ఉన్నది. బ్రేకుల సంగతి తేల్చుట సులభము. సమతలమున బండిని న్యూట్రలులో వదలినపుడు అది తేలికగా సాగక త్వరలో నిలిచిపోయినచో బ్రేకులు పట్టుచున్నవి. చక్రములను జాకీపై లేపి చేతితో త్రిప్పి చూచినచో ఏ చక్రము బిగిసినదో తెలియును. కొంతదూరము నడపిన పిదప మిగిలినవానికంటె వేడెక్కిన చక్రమే దోషి. అరచేతిని దగ్గరగా పెట్టి సెగను పోల్చవలెనే గాని తాకరాదు. బ్రేకు డ్రమ్ములలో నిండిన ఒండ్రును కడిగించి, తుప్పు గీకించినంత మాత్రమున పోయిన "పికప్పు" తిరిగివచ్చిన బండ్లు అనేకములు. బడిపిల్లల బండ్ల వారికి మేము ప్రత్యేకముగా విన్నవించునది: బలము సంగతి తరువాత, బ్రేకుల సంగతి ముందు. తడిసిన బ్రేకులు ఒకప్పుడు పట్టుకొని వదలవు, ఒకప్పుడు పట్టనే పట్టవు.

లోపము ఇంజనులోనిదని తేలిన తరువాత వెనుక పొగగొట్టము చెప్పు సాక్ష్యము వినవలెను. నల్లని పొగ ఇంధనమునకు తగిన గాలి అందుటలేదని చెప్పును. తెల్లని పొగ ఇంధనము మండక వెడలుచున్నదనియో, ఇంధనములో గాని సిలిండరులో గాని నీరున్నదనియో చెప్పును. నీలిపొగ ఆయిలు మండుచున్నదని చెప్పును. పొగ లేకయే బలము తగ్గినచో కంప్యూటరు తానే ఇంధనమును తగ్గించి యుండవచ్చును; లేదా ఇంధనపు దారి మూసుకొని యుండవచ్చును. ఈ సాక్ష్యము పాతకాలపు బండ్లలో స్పష్టముగా నుండును. 2020 ఏప్రిలు 1వ తేదీనుండి అమలులోనికి వచ్చిన బి.ఎస్.6 నియమముల ప్రకారము తయారైన డీజిలు బండ్లలో పొగమసిని పట్టి యుంచు జల్లెడ యుండుటచే నల్లపొగ పైకి కనబడదు. ఆ జల్లెడ త్వరత్వరగా నిండి హెచ్చరిక దీపము వెలుగును.

నల్లపొగ చూచినచో గాలి దారిని వెదకుడు. అన్నిటికంటె సాధారణమైన కారణమును, చవుకైన కారణమును ఇదియే. కాగితపు ఫిల్టరు తడిసినచో దాని మడతలు అతుకుకొని గాలి దూరదు. ఎండబెట్టినను ఒండ్రు పూడిన రంధ్రములు తెరచుకొనవు. దానిని కడిగి మరల వాడుట తగదు, క్రొత్తది వేయవలెను. ఫిల్టరు లేకయే నడపుట అంతకంటె చేటు, ఏలయన ఇసుకరేణువులు టర్బో రెక్కలను, సిలిండరు గోడలను గీచివేయును. ఫిల్టరు మార్చినను బలము రానిచో టర్బోనుండి ఇంజనుకు పోవు రబ్బరు పైపులను తడిమి చూడుడు. నీటి తాకిడికో, చెత్త తగులుటచేతనో క్లిప్పు జారి పైపు ఊడిన బండి రేసు ఇచ్చినపుడు ఈలవేసినట్లు శబ్దము చేయును. టర్బోను అదుపుచేయు సన్నని గొట్టములు ఊడినను, వానిలో నీరు చేరినను ఇదే ఫలము. సైలెన్సరులో ఒండ్రు గడ్డకట్టినపుడు గాలి లోపలికి పోవుటకు గాక పొగ వెలుపలికి వచ్చుటకు ఆటంకము కలుగును; అప్పుడును బండి ఉక్కిరిబిక్కిరి యగును.

బండి ఒకమారు బాగుగా లాగి, మరొకమారు తడబడి, కొన్నిసార్లు ఆగిపోవుచున్నచో ఇంధనమును శంకింపవలెను. ట్యాంకు మూతనుండి గాని, గాలి ఆడు గొట్టమునుండి గాని నీరు దిగియుండవచ్చును. డీజిలుకంటె నీరు బరువైనది గనుక అడుగున చేరును. ఫిల్టరు అడుగునగల మరను వదలు చేసి వచ్చిన ద్రవమును గాజుసీసాలో పట్టి కొంతసేపు కదలింపక ఉంచినచో పైన డీజిలు, క్రింద నీరు వేరుపడి కన్నులకు కనబడును. ఖర్చు లేని ఈ పరీక్షను ప్రతి యజమానియు తానే చేసికొనవచ్చును. నీరు కనబడినచో ఫిల్టరు మార్చుటతో తృప్తిపడక ట్యాంకును దింపి కడిగింపవలెను. డీజిలు వట్టి ఇంధనము మాత్రమే కాదు, పంపులోని భాగములకు నూనెవలె జిడ్డునిచ్చునది కూడ. నీటికి ఆ గుణము లేదు. నేటి ఇంజన్లలో ఇంజెక్టర్లకు చేరు ఇంధనపు ఒత్తిడి వేయి వాతావరణములను మించును. అట్టి సున్నితపు భాగములకు నీటిబొట్టు తుప్పును, అరుగుదలను తెచ్చిపెట్టును. ఫిల్టరు మార్చిన తరువాత పంపుకు గాలి పట్టకుండ చేతిపంపుతో గాలిని పూర్తిగా వెడలగొట్టుట మరువరాదు. ఆ గాలియే మరల బలహీనతకు కారణమై, మెకానిక్కును తప్పుదారి పట్టించును.

హెచ్చరిక దీపము వెలిగి, ఎంత నొక్కినను ఇంజను ఒక హద్దుకు మించి తిరుగకున్నచో కంప్యూటరు తనకు అందిన కొలతలను నమ్మక, రక్షణకై కుంటినడక నడపించుచున్నదని గ్రహింపవలెను. గాలిని కొలుచు సెన్సారు తడియుట, తీగల ముడులలో నీరు నిలుచుట, కాలిక్రింద నుండు యాక్సిలరేటరు సెన్సారు మునుగుట ఇందుకు కారణములు. స్కానరు తగిలించిన లోపసంఖ్య తెరపై వచ్చును. ఇక్కడనే ధనము వృథాయగును. లోపసంఖ్య ఫిర్యాదు వచ్చిన చోటు చెప్పునే గాని నేరస్థుని పేరు చెప్పదు. సెన్సారు సంఖ్య వచ్చినంతనే క్రొత్త సెన్సారు కొనక, ముందు బ్యాటరీ తీగ తీసి, ఆ సెన్సారుకు పోవు తీగముడిని విప్పి ఆరబెట్టి, శుభ్రము చేసి, పచ్చని చిలుము పట్టినదేమో చూడవలెను. ఇంజనుకును, బాడీకిని కలుపు ఎర్తు తీగను కూడ చూడవలెను. తరువాత పాత సంఖ్యను చెరిపి బండిని నడపి, మరల వచ్చిన సంఖ్యను మాత్రమే నమ్మవలెను. చిలుము నీరు దిగిన నాడే పట్టదు. పది పదునైదు దినములకు బయటపడుట కలదు.

చివరిది, మిక్కిలి ప్రమాదకరమైనది అణచివేత తగ్గుట. రాడ్డు పూర్తిగా విరిగినచో ఇంజను నిలిచిపోవును, సందేహమునకు తావుండదు. కొద్దిగా వంగినపుడే చిక్కు. ఇంజను తిరుగును, బండి నడచును, యజమాని సంతసించును. కాని వంగిన రాడ్డు పొడవు తగ్గినందున పిస్టను పూర్తి ఎత్తుకు చేరదు. పిస్టను ప్రయాణము 90 మిల్లీమీటర్లు, అణచివేత 18 రెట్లు గల ఇంజనులో రాడ్డు ఒక్క మిల్లీమీటరు కురచయైనచో ఆ సిలిండరులో అణచివేత సుమారు 15 రెట్లకు దిగిపోవును. ఉదయము చల్లని ఇంజను స్టార్టుచేయునపుడు తెల్లని పొగ, నిలుకడలో వణకు, టకటకమను శబ్దము దీని గుర్తులు. హీటరు ప్లగ్గు రంధ్రమునకు గేజి తగిలించి అన్ని సిలిండర్ల ఒత్తిడిని పోల్చవలెను. ఒకదానిలో మాత్రము తగ్గియుండి, ఆ సిలిండరులోనికి బయటినుండి గాలి ఎక్కించి చూచినపుడు కారుట లేకున్నచో వాల్వులు, రింగులు నిర్దోషులు, రాడ్డే వంగినది. హెడ్డు విప్పక పూర్వమే ఇంత తెలిసికొనవచ్చును. ఇట్టి బండిని నడపరాదు. వంగిన రాడ్డు వారములు, ఒక్కొక్కప్పుడు నెలలు ఓర్చుకొని, ఒకనాడు నిండుబరువుతో పరుగెత్తునపుడు తెగి, ఇంజను బ్లాకునే చీల్చుకొని వెలికి వచ్చును. ఒక రాడ్డుతో, ఒక పిస్టనుతో పోవలసినది ఇంజను మొత్తముతో పోవును.

ఉదాహరణకు ఒక కూరగాయల వ్యానును ఊహించుకొందము. రాత్రి అశోక్‌నగరు పల్లములో నీటినుండి నడచి వచ్చినది. ఉదయము సరకు నింపినంతనే లాగుట మానినది. చక్రములు తేలికగా తిరుగుచున్నవి; కావున బ్రేకులు కావు. హోరు పెరుగుట లేదు. కావున క్లచ్చు కాదు. నల్లపొగ వచ్చుచున్నది; కావున గాలి కొరత. ఫిల్టరు మార్చిరి, పొగ తగ్గెను, బలము చాలవరకు వచ్చెను. పనివారు అక్కడితో సరిపుచ్చుకొని పంపివేయుదురు. కాని నిలుకడలో చిన్న వణకు మిగిలియున్నచో? గాలి కొరత తీరిన తరువాత వణకుటకు గాలి కారణము కానేరదు. తడిసిన ఫిల్టరు ద్వారా లోపలికి కొంత నీరు పోయెనేమో యని ఆ దినమే ఒత్తిడి కొలిపింపవలెను. ఒక కారణము దొరికినంతనే వెదకుట మానరాదనుట కిదియే నిదర్శనము. నీరు ఒక్క దారినే ప్రవేశింపదు.

భీమా సంగతియు చెప్పక తప్పదు. వరదవలన కలిగిన నష్టము సమగ్ర భీమాలో చేరును. కాని నీటిలో ఆగిన బండిని స్టార్టుచేసినందున ఇంజను చెడినచో, అది వరదవలన గాక ఆ ప్రయత్నమువలన కలిగినదని కంపెనీలు పరిహారము నిరాకరించుట కలదు. ఇంజను రక్షణకు వేరుగా అదనపు రుసుముతో లభించు భీమా యున్నది. తమ పత్రములో అది చేరినదో లేదో వానలకు ముందే చూచుకొనుట మేలు. నీటి మట్టము తెలియునట్లు బండికి ఫోటోలు తీసి, విప్పుటకు పూర్వమే కంపెనీకి తెలుపవలెను.

ఇంజను చక్కబడినను గేరుబాక్సు, క్రౌను ఆయిళ్ళను చూడవలెను. వేడిగా నున్న ఆ పెట్టెలు చల్లని నీటిలో మునిగినపుడు గాలిరంధ్రము ద్వారా నీటిని లోనికి పీల్చుకొనును. ఆయిలు తెల్లబడినచో మార్చవలెను. రేడియేటరు సందులలోని ఒండ్రును వెనుకనుండి మెల్లని నీటిధారతో కడుగవలెను. లేకున్న వేసవి వచ్చినపుడు ఇంజను కాగును.

ఇన్ని చెప్పిన పిదప మేము ముఖ్యముగా కోరునది, నీటిలోనికి దిగక పోవుటయే. పారుచున్న నీరు అడుగు లోతున్నను చిన్న కార్లను తేల్చగలదు. రెండడుగులున్న వ్యానులను సైతము త్రోసికొనిపోగలదు. క్రింద మూతలేని మ్యాన్‌హోలు ఉన్నదో, నాలా గట్టు తెగినదో పైకి కనబడదు. తప్పనిసరిగా నిలువనీటిని దాటవలసివచ్చినచో ముందరి బండి గట్టు చేరువరకు ఆగి, మొదటి గేరులో, ఒకే వేగముతో, అలలు లేపక పోవలెను. దాటిన తరువాత బ్రేకులను పలుమారులు మెల్లగా నొక్కి ఆరబెట్టవలెను.

నీటిలో నడచిన తేదీని బండి పుస్తకములో వ్రాసియుంచుకొనుడు. పదిదినములకు ఒకసారి, నెలకు మరొకసారి ఆయిలు పుల్లను, ఇంధనపు సీసాను, తీగముడులను చూచుకొనుడు. బడిపిల్లలు ఎక్కు బండియైనచో బ్రేకుల పరీక్ష పూర్తియగువరకు ఒక్క పిల్లవానినైనను ఎక్కింపకుడు. ఒక దినపు రాబడి పోవుట నిజముగా కష్టమే. ఆ దినమును పరీక్షకు వెచ్చించిన యజమాని మిగిలిన సంవత్సరపు రాబడిని కాపాడుకొన్నవాడగును.